శిక్ష వేసినాయనే అప్పీలూ విన్నాడు!

నా మొదటి ఉద్యోగంలో మొదటి ప్రమోషన్ కంటే ముందే మొదటి మెమో వచ్చింది.

హైదరాబాద్‌లో ఒక కంపెనీ. పేరు అనవసరం. నేను క్యాంటీన్‌లో టీ తాగుతున్న సమయంలో నా లాగిన్‌తో ఎవరో ఒక క్లయింట్ ఫైలు తెరిచారు. పాస్‌వర్డ్ నేను ఎవరికీ చెప్పలేదు. కాకపోతే, మర్చిపోతానేమోనని చీటీ మీద రాసి మానిటర్ పక్కన అంటించుకున్నాను. అంటే నేను పూర్తిగా నిర్దోషినీ కాదు, వాళ్లు రాసినంత దోషినీ కాదు. మెమోలో ‘ఉద్దేశపూర్వకంగా’ అన్న మాట చూసి కడుపు మండిపోయింది. పైగా మూడు నెలల ఇన్సెంటివ్ కట్!

‘అప్పీలు చేసుకోవచ్చు’ అని కింద ఒక లైను ఉంది. రాత్రంతా కూర్చుని రెండు పేజీల లెటర్ రాశాను. మర్నాడు హెచ్‌ఆర్‌లో “ఇది ఎవరికి ఇవ్వాలండీ?” అని అడిగితే, మెమో మీద సంతకం పెట్టిన మేనేజర్ పేరే చెప్పారు.

ఆయన లెటర్ చదివారు. మర్యాదగానే మాట్లాడారు. “అన్నీ మళ్లీ చూశాను. నా నిర్ణయం సరైనదేనని అనిపిస్తోంది” అన్నారు. నా అప్పీలు పది నిమిషాల్లో అయిపోయింది.

ఆ శనివారం మా బావకి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను. అక్కా బావా బోస్టన్ దగ్గర ఉంటారు. ఆయన అంతా విని నవ్వాడు. “నీకు పోయింది ఇన్సెంటివ్వేరా. టామ్ బ్రేడీకి అచ్చం ఇలాగే జరిగితే కోట్ల డాలర్ల ఆటగాడు కూడా దాదాపు ఏడాది కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆ కేసు చదువు, నీ కోపం తగ్గుతుంది” అన్నాడు.

చదివాను. కోపం తగ్గలేదు. కానీ నేను వాదించాల్సిన చోట కాకుండా ఇంకెక్కడో వాదించానని మాత్రం అర్థమైంది. ఆ కేసు మీకూ చెబుతాను. ఎందుకంటే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టినవాళ్లకీ, యాప్‌లో ‘ఐ అగ్రీ’ నొక్కినవాళ్లకీ ఇది పనికొచ్చే కథ.

ముందు ఆట సంగతి

ఇది మెస్సీ, రొనాల్డో ఆడే ఫుట్‌బాల్ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్. కోడిగుడ్డులా రెండు కొనలూ తేలిన బంతి, తలకి హెల్మెట్లు, భుజాలకి ప్యాడ్లు. కాలితో తన్నడం తక్కువ, చేత్తో విసరడం, పట్టుకుని పరిగెత్తడం ఎక్కువ. ఈ ఆటకి అక్కడ ఎన్ఎఫ్ఎల్ అనే లీగ్ ఉంది. మనకి ఐపీఎల్ ఎంతో వాళ్లకి అది అంతకు పదింతలు.

జట్టులో బంతి విసిరే ఆటగాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆట మొత్తం అతని చేతిలోంచే మొదలవుతుంది. అప్పట్లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ. ఫైనల్ మ్యాచ్‌ని ‘సూపర్ బౌల్’ అంటారు. బ్రేడీ రిటైరయ్యేనాటికి అలాంటివి ఏడు గెలిచాడు. ఇంకే ఆటగాడూ అన్ని గెలవలేదు.

ఇక్కడ ఒక విచిత్రమైన సంగతి. క్రికెట్‌లో రెండు జట్లూ అంపైర్లు ఇచ్చిన బంతితోనే ఆడతాయి కదా. ఎన్ఎఫ్ఎల్‌లో అలా కాదు. ఏ జట్టు దాడి చేసేటప్పుడు ఆ జట్టు తన బంతులే వాడుకుంటుంది. 2006లో ఈ వెసులుబాటు కోసం గట్టిగా అడిగినవాళ్లలో బ్రేడీ కూడా ఒకడు. అయితే బంతిలో గాలి మాత్రం 12.5 నుంచి 13.5 పీఎస్ఐ మధ్యే ఉండాలి. మనం పెట్రోల్ బంకులో టైర్లకి కొట్టించే గాలికి వాడే కొలతే ఇదీ. గాలి కాస్త తక్కువైతే బంతి మెత్తగా ఉండి చేతికి పట్టు దొరుకుతుంది. చలిలో, వానలో ఇంకా ఉపయోగం.

ఆ రాత్రి ఏం జరిగింది?

2015 జనవరి 18. మసాచుసెట్స్ రాష్ట్రం ఫాక్స్‌బరోలోని జిల్లెట్ స్టేడియం. పేట్రియాట్స్, ఇండియానాపొలిస్ కోల్ట్స్ మధ్య సెమీఫైనల్ లాంటి మ్యాచ్. గెలిచినవాళ్లు సూపర్ బౌల్‌కి వెళతారు.

బ్రేడీ బంతుల్లో గాలి తక్కువ ఉంటోందని కోల్ట్స్ మ్యాచ్‌కి ముందే లీగ్‌కి చెప్పారు. ఆట మధ్యలో బ్రేడీ విసిరిన ఒక బంతి కోల్ట్స్ ఆటగాడి చేతికి చిక్కింది. దాన్ని కొలిస్తే గాలి తక్కువే ఉంది. దాంతో విరామ సమయంలో అధికారులు పేట్రియాట్స్ బంతులు 11 తీసుకుని రెండు గేజ్‌లతో కొలిచారు. అన్నీ 12.5 కంటే తక్కువే. ఒక గేజ్ సగటు 11.49 చూపిస్తే, ఇంకో గేజ్ సగటు 11.11 చూపించింది. ఒకే బంతులకి రెండు గేజ్‌లు రెండు లెక్కలు! కోల్ట్స్ బంతులు కూడా కొలవడం మొదలుపెట్టారు కానీ నాలుగు పూర్తయ్యేసరికి విరామం అయిపోయింది.

బంతుల్లో మళ్లీ గాలి నింపి ఆట కొనసాగించారు. విరామానికి 17-7తో ఉన్న పేట్రియాట్స్ చివరికి 45-7తో గెలిచారు. అంటే సరైన గాలి ఉన్న బంతులతోనే ఇంకా ఎక్కువ పాయింట్లు కొట్టారన్నమాట. రెండు వారాల తర్వాత సూపర్ బౌల్ కూడా వాళ్లదే.

కానీ ‘బ్రేడీ మోసం చేశాడట’ అన్న మాట అప్పటికే దేశమంతా పాకింది. పేరు కూడా పెట్టేశారు, ‘డిఫ్లేట్‌గేట్’ అని. గాలి తీసిన కుంభకోణం!

చలికి గాలి తగ్గదా?

డిసెంబర్ పొద్దున్నే బండి బయటికి తీస్తే టైరు మెత్తగా అనిపించడం మీకు అనుభవమే అయ్యుంటుంది. చల్లబడితే గాలి పీడనం తగ్గుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న వాయు సమీకరణమే ఇక్కడా పనిచేస్తుంది.

లెక్క చూద్దాం. బంతులని కొలిచిన గదిలో వేడి సుమారు 22 డిగ్రీల సెల్సియస్. బయట మైదానంలో సుమారు 9. గేజ్ చూపించే 12.5కి వాతావరణ పీడనం 14.7 కలిపితే 27.2. చలికి అది సుమారు 26కి పడుతుంది. మళ్లీ 14.7 తీసేస్తే మిగిలేది 11.3. అంటే ఎవరూ వేలు పెట్టకపోయినా 12.5 ఉన్న బంతి 11.3 దగ్గరికి రావచ్చు.

మరి ఎందుకంత గొడవ? లీగ్ నియమించిన దర్యాప్తు బృందం ఒక సంస్థతో ప్రయోగాలు చేయించింది. చలి, వాన, కొలిచిన సమయం అన్నీ లెక్కలోకి తీసుకున్నా తగ్గుదలలో కొంత మిగిలిపోతోందని ఆ సంస్థ చెప్పింది. బయటి శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. మ్యాచ్‌కి ముందు రెఫరీ బంతులని కొలిచినప్పుడు ఆ అంకెలు ఎక్కడా రాసుకోలేదు. రెండు గేజ్‌లలో దేనితో కొలిచారన్నది కూడా వాదనలో పడింది. పునాదిలో ఇంత సందు ఉన్న కేసు ఇది.

అలాగని బ్రేడీ వైపు అంతా తెల్లగా ఏమీ లేదు. లాకర్ రూమ్ చూసుకునే ఉద్యోగి ఒకాయన రెఫరీలకి చెప్పకుండా బంతుల సంచి తీసుకుని బయల్దేరాడు. దారిలో ఒక బాత్‌రూమ్‌లోకి వెళ్లి సుమారు నిమిషం నలభై సెకన్లు ఉన్నాడు. సీసీ కెమెరాలో ఉంది. అంతకు ముందు ఏడాది ఒక మెసేజ్‌లో ఆయన తనని తాను ‘డిఫ్లేటర్’ అని పిలుచుకున్నాడు. ‘అది బరువు తగ్గడం గురించి’ అని జట్టు తర్వాత ఇచ్చిన వివరణ విని నవ్వని అమెరికన్ లేడంటాడు మా బావ. ఆయన పేట్రియాట్స్ అభిమాని, అయినా ఆ మాట అంటాడు!

243 పేజీలు, ఒక ‘కావచ్చు’

లీగ్ తరఫున టెడ్ వెల్స్ అనే న్యాయవాది దర్యాప్తు చేసి, 2015 మే 6న 243 పేజీల నివేదిక ఇచ్చాడు. ఇద్దరు ఉద్యోగులు కావాలనే గాలి తీసే పనిలో పాలుపంచుకున్నారు అనడానికే, కాదు అనడం కంటే ఎక్కువ అవకాశం ఉందట. బ్రేడీకి దాని గురించి కనీసం స్థూలంగానైనా తెలిసి ఉంటుంది అనడానికీ అంతే అవకాశం ఉందట.

అయిదు రోజుల తర్వాత శిక్ష ప్రకటించారు. బ్రేడీ మీద నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్. జట్టుకి 10 లక్షల డాలర్ల జరిమానా, కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండు అవకాశాలు రద్దు. అప్పట్లో సీజన్‌లో ఒక్కో జట్టు లీగ్ దశలో ఆడేది 16 మ్యాచ్‌లే. నాలుగంటే పావు సీజన్.

శిక్షకి ఆమోదం తెలిపింది ఎన్ఎఫ్ఎల్ కమిషనర్ రోజర్ గూడెల్. బ్రేడీ తరఫున ఆటగాళ్ల సంఘం అప్పీలు చేసింది. ఆ అప్పీలు ఎవరు విన్నారో ఊహించండి.

రోజర్ గూడెల్!

ఇది చదివినప్పుడు మా మేనేజర్ మొహం కళ్ల ముందు కదిలింది.

జూన్ 23న పది గంటల పాటు విచారణ జరిగింది. తనకేమీ తెలియదని బ్రేడీ ప్రమాణం చేసి చెప్పాడు. జులై 28న గూడెల్ శిక్షని ఖాయం చేశాడు. పైగా కొత్త సంగతి ఒకటి బయటపెట్టాడు. దర్యాప్తు అధికారులని కలిసే రోజుల్లోనే బ్రేడీ తన పాత ఫోన్‌ని ధ్వంసం చేయించాడట. ఫోన్ మార్చినప్పుడల్లా పాతది అలాగే పారేయిస్తానని బ్రేడీ చెప్పుకున్నాడు. చట్టం ఎలా చూసినా, జనం మాత్రం ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్నారు.

మొదటి కోర్టులో గెలుపు

ఇక కోర్టు. తీర్పు ఖాయమైన రోజే లీగ్ తనకి తానుగా న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకి వెళ్లింది, మా నిర్ణయం సరైనదేనని చెప్పండి అంటూ. ఆటగాళ్ల సంఘం మిన్నెసోటాలో కేసు వేసినా అది న్యూయార్క్‌కే బదిలీ అయింది.

2015 సెప్టెంబర్ 3న జడ్జి రిచర్డ్ బెర్మన్ 40 పేజీల తీర్పు ఇచ్చి సస్పెన్షన్‌ని కొట్టేశాడు. బంతిలో గాలి గురించి ఆయన తేల్చలేదు. పద్ధతి గురించి మాట్లాడాడు. ఆయన చెప్పిన కారణాలు మూడు.

ఒకటి, ఇలాంటి పనికి ఇంత శిక్ష పడుతుందని బ్రేడీకి ముందుగా తెలిపే రూలు లేదు. ఆటగాళ్లకి ఇచ్చే నిబంధనల్లో సామగ్రి విషయంలో మొదటి తప్పుకి 5,512 డాలర్ల జరిమానా అని ఉంది కానీ సస్పెన్షన్ అని లేదు.

రెండు, దర్యాప్తులో చేయి ఉన్న లీగ్ న్యాయవాదిని ప్రశ్నించే అవకాశం బ్రేడీకి ఇవ్వలేదు.

మూడు, దర్యాప్తు ఫైళ్లు లీగ్ వైపు వాళ్లకి దొరికాయి కానీ బ్రేడీ వైపు దొరకలేదు.

సరిగ్గా వారానికి బ్రేడీ మైదానంలో దిగి సీజన్ మొదటి మ్యాచ్ గెలిపించాడు. ఆ సీజన్ మొత్తం ఆడాడు. కథ ఇక్కడితో ఆగి ఉంటే ‘న్యాయం గెలిచింది’ అని రాసేసి ముగించేవాణ్ని.

రెండో కోర్టు అడిగిన ప్రశ్న

లీగ్ పై కోర్టుకి వెళ్లింది. 2016 ఏప్రిల్ 25న ముగ్గురు జడ్జీల బెంచ్ 2-1 తేడాతో సస్పెన్షన్‌ని మళ్లీ నిలబెట్టింది.

ఈ తీర్పు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బ్రేడీ తప్పు చేశాడా లేదా అని తేల్చడం మా పని కాదు అన్నారు మెజారిటీ జడ్జీలు. నాలుగు మ్యాచ్‌లు ఎక్కువా, మూడు వేయాలా, అసలు వేయకూడదా అన్నది కూడా మా పని కాదన్నారు. వాళ్లు వేసుకున్న ప్రశ్న ఒక్కటే. ఇలాంటి వివాదం ఎవరు తేల్చాలని ఈ రెండు పక్షాలూ ముందే ఒప్పుకున్నాయి? ఆ మనిషి ఆ ఒప్పందానికి లోబడే నడిచాడా?

ఆ ఒప్పందం పేరు ‘కలెక్టివ్ బార్గెయినింగ్ అగ్రిమెంట్’. ఆటగాళ్ల సంఘం, జట్ల యజమానులు కలిసి చేసుకున్నది. అందులో 46వ ఆర్టికల్ ఉంది. ఆట పరువుకి, దాని మీద జనం నమ్మకానికి భంగం కలిగించే పని ఎవరైనా చేస్తే కమిషనర్ శిక్షించవచ్చని అది చెబుతుంది. ఆ శిక్ష మీద అప్పీలుని కూడా కమిషనరే వినవచ్చని చెబుతుంది.

‘శిక్ష వేసినవాడే అప్పీలు వింటే నిష్పక్షపాతం ఎక్కడుంది?’ అన్నది సంఘం వాదన. కోర్టు సమాధానాన్ని మన మాటల్లో చెప్పాలంటే ఇలా ఉంటుంది. ‘ఆయన్ని పెద్దమనిషిగా కూర్చోబెట్టింది మీరే. ఆయన ఎవరి మనిషో తెలిసే ఒప్పుకున్నారు. మీరు ఎంచుకున్న పద్ధతిలో ఎంత నిష్పక్షపాతం ఉంటుందో అంతే అడగగలరు.’

ఊళ్లో పంచాయితీకి ఇద్దరూ ఇష్టపడి ఒకాయన్ని పెద్దగా పెట్టుకున్నాక, తీర్పు నచ్చలేదని ‘ఆయన వాళ్ల బంధువు’ అంటే ఏమంటారు? ‘ఆ సంగతి ముందు తెలీదా?’ అంటారు. అమెరికా కోర్టు అన్నదీ అదే.

అయితే మూడో జడ్జి రాబర్ట్ కాట్జ్‌మన్ ఒప్పుకోలేదు. ఆ కోర్టుకి చీఫ్ జడ్జి ఆయనే. గాలి తీయడాన్ని గూడెల్ ఉత్ప్రేరక మందులు వాడటంతో పోల్చాడు. అది సరికాదన్నాడు కాట్జ్‌మన్. బంతి పట్టు కోసం చేతులకి జిగురు పూసుకోవడం కూడా లీగ్‌లో నిషేధమే. దానికి మొదటిసారి శిక్ష 8,268 డాలర్ల జరిమానా మాత్రమే. పట్టు కోసం గాలి తీయడానికి దగ్గరి పోలిక అదే కదా, దాన్ని ఎందుకు పట్టించుకోలేదు అని అడిగాడు. నాకైతే ఆ ప్రశ్న ఇప్పటికీ సబబుగానే అనిపిస్తుంది. కానీ ఒకరి మాట మీద ఇద్దరి మాట నెగ్గింది.

మళ్లీ వినమన్న అభ్యర్థనని కూడా ఆ కోర్టు జులై 13న తిరస్కరించింది. రెండు రోజులకి బ్రేడీ ఫేస్‌బుక్‌లో రాశాడు, ఇక కోర్టులో ముందుకు వెళ్లనని. సుప్రీంకోర్టు దాకా పోలేదు.

2011లో పెట్టిన సంతకం

నన్ను ఎక్కువ కదిలించిన వివరం ఒకటి ఉంది. 46వ ఆర్టికల్ ఉన్న ఆ ఒప్పందం 2011 నాటిది. ఆ ఏడాది యజమానులు లాకౌట్ ప్రకటించారు. ఆటగాళ్లు కోర్టుకెక్కారు. ఆ కేసు పేరేంటో తెలుసా? ‘బ్రేడీ వర్సెస్ ఎన్ఎఫ్ఎల్’. కేసు వేసిన ఆటగాళ్లలో మొదటి పేరు మన టామ్ బ్రేడీదే!

ఆ గొడవ చివరికి రాజీతో ముగిసి, పదేళ్ల కొత్త ఒప్పందం వచ్చింది. ఆదాయంలో వాటా ఎంత, ప్రాక్టీసు ఎన్ని గంటలు అన్నవాటి మీద బేరం గట్టిగా సాగింది. కమిషనర్ అధికారం మాత్రం దాదాపు ఎప్పట్లాగే ఉండిపోయింది. దశాబ్దాలుగా ఉన్న రూలే కదా, మన దాకా రాదులే అనుకుని ఉంటారు. నాలుగేళ్ల తర్వాత అది వచ్చి వాళ్లలో అందరికంటే పెద్ద స్టార్ మెడకే చుట్టుకుంది.

బ్రేడీ ఒక్కడికే ఇలా అయిందనుకోకండి. అడ్రియన్ పీటర్సన్ అనే ఆటగాడూ కింది కోర్టులో గెలిచాడు, 2016లో పై కోర్టులో ఓడాడు. 2017లో ఎజెకియెల్ ఎలియట్ ఆరు మ్యాచ్‌ల సస్పెన్షన్ మీద కొన్నాళ్లు స్టే తెచ్చుకుని ఆడాడు. చివరికి ఆరూ కూర్చోక తప్పలేదు. ఆటగాళ్లు వేరు, ఆరోపణలు వేరు, కోర్టులు వేరు. అన్నిచోట్లా గెలిచింది ఒప్పంద పత్రమే.

మరి మార్పు ఎలా వచ్చింది? 2020లో ఒప్పందం మళ్లీ బేరానికి వచ్చినప్పుడు సంఘం ఈ విషయం పట్టుబట్టింది. వ్యక్తిగత ప్రవర్తన కేసుల్లో మొదటి నిర్ణయం తీసుకోడానికి ఇద్దరూ కలిసి నియమించుకునే అధికారి వచ్చారు. మాజీ జడ్జి స్యూ రాబిన్సన్ ఆ స్థానంలో కూర్చున్నారు. అప్పీలు మాత్రం ఇప్పటికీ కమిషనర్ దగ్గరికో, ఆయన చెప్పిన మనిషి దగ్గరికో పోతుంది. 2022లో డెషాన్ వాట్సన్‌కి రాబిన్సన్ ఆరు మ్యాచ్‌లే వేస్తే, తక్కువైందని లీగ్ అప్పీలు చేసింది. చివరికి 11 మ్యాచ్‌లు, 50 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. కోర్టులో ఎన్ని కేసులు వేసినా రానిది బేరం బల్ల దగ్గర వచ్చింది. వచ్చింది కూడా సగమే.

ఇంతకీ బ్రేడీ ఏమయ్యాడు?

2016 సీజన్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లకి దూరంగా ఉన్నాడు. జీతం నష్టం సుమారు 2,35,000 డాలర్లే. అంతకు ముందే కాంట్రాక్టు మార్చుకుని ఆ ఏడాది మూల వేతనాన్ని 10 లక్షలకి తగ్గించుకున్నాడు. పాతదే ఉండుంటే 20 లక్షలకి పైనే పోయేది. కాగితం విలువ అప్పటికి బాగానే అర్థమైనట్టుంది!

ఆయన లేని నాలుగింట్లో పేట్రియాట్స్ మూడు గెలిచారు. అక్టోబర్ 9న తిరిగొచ్చి క్లీవ్‌లాండ్ మీద 406 గజాలు విసిరి 33-13తో గెలిపించాడు. 2017 ఫిబ్రవరి 5న హ్యూస్టన్‌లో సూపర్ బౌల్. అట్లాంటా ఫాల్కన్స్ చేతిలో 28-3తో చితికిపోతున్న మ్యాచ్‌ని అదనపు సమయానికి లాక్కెళ్లి 34-28తో గెలిపించాడు. సూపర్ బౌల్ అదనపు సమయానికి వెళ్లడం అదే మొదటిసారి. ట్రోఫీ ఇవ్వడానికి గూడెల్ వేదిక ఎక్కితే పేట్రియాట్స్ అభిమానుల గోలకి ఆయన మాట వినపడలేదు. అక్క వాళ్లింట్లో ఆ రాత్రి పక్కింటి వాళ్లొచ్చి తలుపు కొట్టారట, కాస్త మెల్లగా అరవమని.

సినిమా అయితే అక్కడ శుభం కార్డు పడేది. కానీ రికార్డులో ఆ సస్పెన్షన్ అలాగే ఉంది. 2015 సీజన్‌లో లీగ్ అక్కడక్కడ బంతులని తనిఖీ చేసి గాలి కొలిచింది. ఆ అంకెలు వస్తే చలికి ఎంత తగ్గుతుందో తేలిపోయేది. లీగ్ వాటిని బయటపెట్టలేదు. గెలిచిన కప్పు ఆ ప్రశ్నకి జవాబు కాదు.

మరి మన సంగతి?

మన దేశంలో ఈ విషయంలో చట్టం కొంచెం భిన్నంగా ఉంది. కాంట్రాక్టుల్లో ‘వివాదం వస్తే ఆర్బిట్రేషన్’ అని ఉంటుంది చూడండి, దానికి 1996 నాటి చట్టం ఉంది. 2015 సవరణ ప్రకారం ఒక పక్షం ఉద్యోగి, సలహాదారు లాంటివాళ్లు ఆర్బిట్రేటర్‌గా కూర్చోడానికి అనర్హులు. వివాదం వచ్చిన తర్వాత రెండు పక్షాలూ రాతపూర్వకంగా సరేనంటేనే మినహాయింపు. ‘వచ్చిన తర్వాత’ అన్న మాట గమనించండి. ముందే పెట్టించుకున్న సంతకం చాలదు. 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఫలితంలో స్వార్థం ఉన్న మనిషి, తాను కూర్చోకపోయినా, ఏకైక ఆర్బిట్రేటర్‌ని తానే నియమించడం కుదరదంది.

అంటే గూడెల్ లాంటి ఏర్పాటు మన ఆర్బిట్రేషన్ చట్టం కింద నిలబడటం కష్టం. కానీ ఆఫీసులో ఇచ్చే మెమో, దాని మీద అప్పీలు ఆర్బిట్రేషన్ కిందికి రావు. అది కంపెనీ అంతర్గత వ్యవహారం. అక్కడ మనకి మొదటి ఆధారం మనం సంతకం పెట్టిన ఆఫర్ లెటరు, దానితో పాటు వచ్చిన పాలసీ పుస్తకమే.

బ్రేడీకీ నాకూ ఒక పెద్ద తేడా ఉంది. ఆయన తరఫున ఒక సంఘం కూర్చుని ఆ ఒప్పందం బేరమాడింది. నా తరఫున ఎవరూ లేరు. నేను మాత్రం ఏం చేశాను? 40 పేజీల పీడీఎఫ్‌ని బొటనవేలితో కిందికి జరిపి, చివర్లో సంతకం పెట్టి, జీతం అంకె స్క్రీన్‌షాట్ తీసి అమ్మకి పంపాను. అందులో 22వ పేజీలో ‘క్రమశిక్షణ చర్యపై అప్పీలును సంబంధిత మేనేజర్ పరిశీలిస్తారు’ అని ఉంది. మెమో వచ్చాక వెతికితే కనపడింది.

నేను లెటర్‌లో రెండు పేజీలూ ‘నేను చేయలేదు’ అని రాశాను. రాయాల్సింది ‘నా మీద ఉన్న ఆధారాలు నాకూ చూపించండి, ఇంకో విభాగం పెద్దలు వినేలా చూడండి’ అని. వాళ్లు ఒప్పుకునేవాళ్లో లేదో తెలీదు. అడగనైతే అడగలేదు.

రెండేళ్ల తర్వాత ఇంకో కంపెనీలో ఆఫర్ వచ్చింది. ఈసారి పాలసీ మొత్తం చదవడానికి ఓపిక పట్టలేదని ఒప్పుకుంటున్నాను. అప్పీళ్ల గురించి మాత్రం హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. “చర్య తీసుకున్న వ్యక్తే అప్పీలు వింటారా? వేరేవాళ్లు వినేలా రాస్తారా?” అని. పంపాక భయమేసింది, ‘చేరకముందే గొడవలవాడు’ అనుకుంటారేమోనని.

రెండు రోజులకి జవాబొచ్చింది. “వేరే విభాగం హెడ్ వింటారు. 31వ పేజీలో ఆల్రెడీ ఉంది. ఇది అడిగిన మొదటి వ్యక్తి మీరే.”

బావకి ఆ మెయిల్ ఫార్వర్డ్ చేశాను. ఒక్క లైను రిప్లై ఇచ్చాడు.

“సరే, పాస్‌వర్డ్ చీటీ మాత్రం అంటించకు.”